అట్టఫోను మీద పచ్చచుక్క

నేను ఒక ఫోన్‌ని. నవ్వకండి. నాలో బ్యాటరీ లేదు, సిమ్ము లేదు, మోగడం అసలే రాదు. డ్రాయింగ్ అట్టని కత్తెరతో కోసి, స్కెచ్ పెన్నులతో గీస్తే పుట్టిన ఫోన్‌ని నేను. అయినా ఎంతోమంది నన్ను వేలితో నొక్కారు, పక్కకి జరిపారు, నొక్కాక ఏమవుతుందోనని నా మొహంలోకి కుతూహలంగా చూశారు. నా పోలికలతో పుట్టిన అసలు బొమ్మని నమ్మి ఒకాయన కరెంటు స్తంభం కూడా ఎక్కాడు. ఆ పొద్దు తలుచుకుంటే ఇప్పటికీ నా అంచులు వంకర తిరుగుతాయి.

నన్ను చేసిన అమ్మాయి పేరు వకుళ. విశాఖపట్నంలో ఒక మేడ మీద ఉన్న చిన్న కంపెనీలో ఆమెకి ఉద్యోగం. ఫోన్లలో యాప్‌లు ఎలా కనిపించాలో, ఏ మీట ఎక్కడ ఉండాలో గీయడం ఆమె పని. ఏదైనా యాప్‌ని కంప్యూటర్లోకి ఎక్కించే ముందు ఇలా అట్ట మీద చేసి, వాడబోయేవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు ఎక్కడ తడబడతారో చూస్తుంది. అట్టలో తప్పు దొరికితే చింపి ఇంకొకటి చేసుకోవచ్చు కదా! అంటే నేను పుట్టిందే తప్పు పట్టించుకోవడానికి. పుట్టినప్పటినుంచీ నా బెంగంతా అదే. తప్పు పట్టేవాళ్ళు దొరుకుతారా, లేదా అని.

రూపాయి బిళ్ళ పెట్టి నా నాలుగు మూలలూ గుండ్రంగా గీసింది వకుళ. నీళ్ళ సీసా మూత పెట్టి నడిమధ్య పెద్ద సున్నా గీసి, దాన్ని బ్లేడుతో కోసేసింది. నాకు కాస్త నొప్పి పుట్టింది గానీ, కిటికీ ఉన్న ఇల్లులా తయారయ్యానని మురిసిపోయాను. నా వెనక ఒక కాగితపు పట్టీ దూర్చింది. అందులో సగం పచ్చ, సగం ఎరుపు. పట్టీని పైకి లాగితే నా కిటికీలో పచ్చచుక్క కనిపిస్తుంది, దాని మధ్యలో ‘ఆన్’ అని సన్నటి అక్షరాలు. కిందికి లాగితే ఎర్రచుక్క, అందులో ‘ఆఫ్’. అంతే నా సంసారం.

నేను ఎవరి కోసమో చెప్పాలి. కరెంటు లైన్లు బాగుచేసే లైన్‌మన్‌ల కోసం. తీగ తెగినా, కొమ్మ విరిగి పడినా స్తంభం ఎక్కేది వాళ్ళే. ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్ ఆ లైన్లో కరెంటు తీసేయాలి. తీశానని మాట ఇవ్వాలి. దాన్ని వాళ్ళు లైన్ క్లియర్ అంటారు, పొట్టిగా ఎల్‌సీ. ఇప్పటిదాకా అదంతా ఫోన్ మాటల మీదే నడిచేది. ఇకనుంచి మాటలు లేకుండా, లైన్లో కరెంటు ఉందో లేదో లైన్‌మన్ ఫోన్ మీద చుక్కే చూపించాలని పైవాళ్ళ కోరిక. నేను ఆ చుక్కకి తొలి రూపాన్ని.

వకుళ పై అధికారి జోగారావు గారు. మంచివారే, కాకపోతే తాను చెప్పింది తనకే బాగా నచ్చే రకం. “కొత్తగా ఏదీ కనిపెట్టకు వకుళా. జనానికి అలవాటైందే ఇవ్వు. అలవాటైన గుర్తు కనిపిస్తే ఎవరికీ నేర్పక్కర్లేదు,” అని రోజూ అనేవారు. ఆయన మాటలో తప్పు లేదు. నా చుట్టాల్ని చూడండి. వెతకడానికి భూతద్దం బొమ్మ. భూతద్దం పట్టుకుని ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా వెతికారా? అయినా అది కనిపిస్తే చాలు, అందరికీ అర్థమైపోతుంది. మార్పులు చేసుకోవడానికి పళ్ళచక్రం. మాట్లాడడానికి ఇళ్ళలోంచి ఎప్పుడో మాయమైన పాత రిసీవరు. మనుషులు వస్తువుల్ని పారేస్తారు గానీ వాటి బొమ్మల్ని మాత్రం పారేయలేరు. ఆ బొమ్మల భుజాల మీద చెయ్యి వేసుకుని కొత్త యాప్‌లలోకి నడుస్తారు.

అలాగే ఏ ఫోన్లోనైనా మీట పచ్చగా ఉందంటే పని చేస్తున్నట్టు, కరెంటు ఉన్నట్టు. ఎర్రగా ఉందంటే ఆగిపోయినట్టు. వకుళ దాన్నే తీసుకుంది. జోగారావు గారు నన్ను చూసి, “భేష్! అక్షరాలు ఇంకా తగ్గించు. రంగే చెప్పాలి,” అన్నారు. తనకి అలవాటైందే లోకమంతటికీ అలవాటని మనిషికి ఎంత గట్టి నమ్మకమో! ఆ నమ్మకంతోనే ఆ ఇద్దరూ నన్ను పార్వతీపురం దాటాక ఉన్న ఒక సబ్‌స్టేషన్‌లో చూపించాలనుకున్నారు.

వకుళ నన్ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని బస్సెక్కింది. సబ్‌స్టేషన్ అంటే కంచె లోపల ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక గది, ఆ గదిలో గోడ పొడవునా ఇనప ప్యానెల్. దాని మీద వరసగా చిన్న దీపాలు, కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి. వకుళ బ్యాగ్ తెరవగానే వాటిని చూశాను, నాకేదో తేడా కొట్టింది. నేను ఆ దీపాల్ని చూస్తూ ఉండిపోయాను. వకుళ మాత్రం వాటిని చూడలేదు. ఆమె కళ్ళు మనుషుల మీద ఉన్నాయి. ఆమె పద్ధతి అదే, దాన్ని తప్పు పట్టలేను.

ఆపరేటర్ పేరు దాలినాయుడు. బల్ల వెనక కూచుని ఉన్న పెద్దమనిషి, గొంతు గంభీరంగా ఉంటుంది. లైన్‌మన్ సింహాచలం యాభై దాటినవాడు, సన్నటి ఒళ్ళు, నడుముకి తోలు బెల్టు. వకుళ వచ్చిందని ఎవరో సోడాలు తెప్పించారు. విశాఖ నుంచి ఎండలో బస్సెక్కి వచ్చిన ఆడపిల్ల అని, మర్యాదకి మంచి కుర్చీ ఆమెకిచ్చి మిగతావాళ్ళంతా నిలబడ్డారు.

వకుళ నన్ను బల్ల మీద పెట్టి పట్టీని పైకి లాగింది. నా కిటికీ పచ్చబడింది.

“సింహాచలం గారూ, ఇప్పుడు లైన్లో కరెంటు ఉందా, లేదా?”

ఆయన నన్ను చేతిలోకి తీసుకున్నాడు. గట్టి చెయ్యి, కాయలు కాసిన వేళ్ళు. నా పచ్చచుక్క చూసిన ఆ క్షణంలో ఆయన రెండో చెయ్యి దానంతట అదే నడుము బెల్టు మీదకి వెళ్ళింది, ఎక్కబోయేవాడిలా. నేను చూశాను. నేనొక్కదాన్నే చూశాను. తర్వాత ఆయన నన్ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, సన్నటి అక్షరాలు చదివి, చెయ్యి బెల్టు మీంచి తీసేసి నింపాదిగా అన్నాడు.

“ఉన్నాదమ్మా. ఆన్ అని రాసున్నాది కదా.”

వకుళ మొహం వెలిగిపోయింది. సరైన జవాబు! రాసుకుంది. నేను అరవబోయాను, అట్టకి నోరెక్కడిది? ‘ఆ చెయ్యి చూడు తల్లీ, మాట కాదు’ అని మొత్తుకున్నాను. ఏం లాభం! ఫ్యాను గాలికి కాస్త కదిలానంతే. ఆమె నన్ను గాలికి ఎగిరిపోకుండా సోడా సీసాతో నొక్కిపెట్టింది.

“మీకు ఎలా అనిపించింది? ఏమైనా ఇబ్బందిగా ఉందా?” అని అడిగింది.

సింహాచలం ఒక్క నిమిషం తటపటాయించాడు. ఏదో చెప్పబోయాడు కూడా. అంతలో ఆమె మొహంలోని ఆశ చూశాడు.

“బాగుందమ్మా. శానా బాగుంది.”

దాలినాయుడు కూడా తలూపాడు. “పట్నం పిల్లలు ఏటి సేసినా బాగుంటాది,” అన్నాడు. మిగతా లైన్‌మన్‌లూ ఒక్కొక్కరే నన్ను తిప్పి చూసి బాగుందన్నారు. అక్కడ ఎవరికీ ఇంటికొచ్చిన పిల్ల చేసిన దాన్ని బాగోలేదనడం రాదు. పెళ్ళిలో కూర ఉప్పగా ఉంటే ఆకు మీద పక్కకి జరుపుతారు గానీ వడ్డించేవాడికి చెప్పరు కదా, అదే మర్యాద. మంచితనం ఎంత ప్రమాదకరమో నాకు ఆ పూట తెలిసింది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ వకుళ కూనిరాగం తీస్తూనే ఉంది. నేను ఆ కవర్లో ఊపిరాడక ఉన్నాను.

తర్వాత నా రూపం కంప్యూటర్లోకి ఎక్కింది. అచ్చం నాలాంటి చుక్కే, కాకపోతే వెలుగుతుంది. జోగారావు గారు దాన్ని చూసి మురిసిపోయారు. అందరూ నన్ను మరిచిపోయారు, వకుళ తప్ప. ఆమె నన్ను బ్యాగ్‌లోనే ఉంచుకుంది, ఎందుకో. అదృష్టం కోసమని ఒకసారి స్నేహితురాలితో అంది. ఆ మాట విన్నప్పుడు నాకు వణుకు పుట్టింది.

యాప్‌ని మొదటిసారి నిజంగా వాడే రోజు వకుళ మళ్ళీ వచ్చింది. ఈసారి సబ్‌స్టేషన్‌కి కాదు, తోటవలస దారిలో పొలాల మధ్య ఉన్న స్తంభం దగ్గరికే. పైన తీగని పట్టి ఉంచే పింగాణీ ఇన్సులేటర్ పగిలింది, మార్చాలి. తాను చేసింది పని చేయడం కళ్ళారా చూడాలని ఆమె ముచ్చట. బ్యాగ్ జిప్పు సగం తెరిచి ఉంది, నాకు ఆకాశమూ తీగలూ కనిపిస్తున్నాయి. తీగలు సన్నగా రొద చేస్తున్నాయి.

మామూలుగా అయితే సింహాచలం ఇక్కడ దాలినాయుడికి ఫోన్ చేస్తాడు. “తోటవలస ఎల్‌సీ ఇచ్చీసినాను బావా, దాలినాయుడిని,” అని అక్కడినుంచి ఆయన అనాలి. “తోటవలస ఎల్‌సీ తీసుకున్నాను, నాను సింహాచలాన్ని,” అని ఈయన అనాలి. లైన్ పేరు, మనిషి పేరు రెండువైపులా పలికితే తప్ప అడుగు పైకి పడదు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళు అలాగే చేస్తున్నారు. ఆ రోజు మాత్రం ఫోన్ చేయొద్దని, యాప్ ఒక్కటే చూసుకోమని పైనుంచి చెప్పారు. సింహాచలం యాప్‌లో ఎల్‌సీ అడిగాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి, కళ్ళు చికిలించి చూశాడు. ఆ వెలుగులో అక్షరాలు ఎవరికి కనిపిస్తాయి? రంగే కనిపించింది.

“పచ్చొచ్చింది తల్లీ. ఎక్కుతన్నాను,” అని ఫోన్ వకుళ చేతికిచ్చి, తీగకి తగిలించే ఎర్త్ రాడ్డు భుజానికి వేసుకుని స్తంభం పట్టుకున్నాడు.

వకుళ నవ్వింది. “సరే, జాగ్రత్త,” అంది. విన్నారా? నన్ను చేసిన పిల్లే! ఆమెకీ పచ్చ అనగానే అంతా మంచిదనే తోచింది. ఎన్ని చెప్పుకున్నా ఎవరికి కావలసిన మంచి వాళ్ళకి వేరు. ఇంట్లో ఫ్యాను కింద కూచున్నవాళ్ళకి తీగలో కరెంటు ఉంటే మంచిది. తీగ పక్కన వేలాడేవాడికి లేకపోతేనే మంచిది. ఆ ఇనప ప్యానెల్ మీది దీపాలు వాడికి చెప్పేది అదే. ఎరుపంటే కరెంటు పారుతోంది, దగ్గరికి రావద్దు. పచ్చంటే లైన్ చచ్చిపోయింది, నువ్వు బతికావు, ఎక్కు. సింహాచలం ముప్పై ఏళ్ళుగా ఆ దీపాల్నే చూస్తున్నాడు. నేను దానికి సరిగ్గా తిరగబడి ఉన్నాను. నాకు తెలుసు. తెలిసీ బ్యాగ్‌లో పడి ఉన్నాను.

ఆయన సగం ఎక్కాక వకుళ చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ నీడలో ఫోన్ చూసింది. పచ్చచుక్కలో ‘ఆన్’. మొదట ఆమెకి అర్థం కాలేదు. దాలినాయుడు ఇంకా కరెంటు తీయలేదేమిటి అనుకుని తల పైకెత్తింది. సింహాచలం ఒక చేత్తో స్తంభాన్ని వాటేసుకుని, రెండో చేత్తో భుజం మీంచి రాడ్డు తీసి తీగ వైపు చాస్తున్నాడు.

ఆమె గుండె గుభేలుమనడం నాకు వినిపించింది. బ్యాగ్ ఆమె ఛాతీకి ఆనుకునే ఉంది మరి.

“బాబాయ్! వద్దు! ముట్టుకోకు బాబాయ్! కరెంటుంది! కరెంటుంది!”

ఆ గొంతు ఆమెదని నేను నమ్మలేకపోయాను. సింహాచలం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆయన కిందికి చూశాడు, తీగ వైపు చూశాడు, మళ్ళీ కిందికి చూశాడు.  తీగ రొద అలాగే ఉంది. ఆ తర్వాత ఆయన రాడ్డు మెల్లగా వెనక్కి తీసుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ దిగాడు. గట్టు మీద కూలబడి నీళ్ళు అడిగాడు. వకుళ చాచిన సీసా మూత ఆయనే తీసుకున్నాడు.

తాగాక ఆయన మొదట చేసిన పని వకుళ దగ్గరున్న తన ఫోన్ తీసుకుని దాలినాయుడితో మాట్లాడడం.

“ఏటి బావా, అంత తొందరేటి?” అవతలి గొంతు తాపీగా అంది. “ఎల్‌సీ ఇంకా ఇవ్వనేదు. ఇప్పుడే కరెంటు తీసే హ్యాండిల్ కాడికి ఎల్తన్నాను.”

సింహాచలం ఫోన్ జేబులో పెట్టుకుని, ఏడుస్తున్న వకుళ వైపు తిరిగి, “నా తప్పేనమ్మా. అచ్చరాలు సదవనేదు,” అన్నాడు. అక్కడా మర్యాదే! చావు అంచుదాకా వెళ్ళి వచ్చి కూడా ఆమె మనసు కష్టపెట్టకూడదని చూశాడు. ఆ మాట విని వకుళ ఇంకా ఎక్కువ ఏడ్చింది.

వకుళ జోగారావు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అంతా విని ఆయన, “అయితే రంగులు తిరగేసెయ్, అయిపోతుంది,” అన్నారు. వకుళ కూడా ముందు అదే అనుకుంది. విశాఖలో బల్ల ముందు కూచుని నా పట్టీని తిరగేసి దూర్చింది. కానీ చూస్తూ చూస్తూ ఆగిపోయింది. “రేపు కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లాడికి ఫోన్ మీటే అలవాటు. పచ్చంటే కరెంటు ఉందనుకుంటాడు. వాడిని ఎవరు కాపాడతారు?” అని తనలో తానే అనుకుంది. ఆ తర్వాత చాలాసేపు నన్ను చూస్తూ కూచుంది. నన్ను చూస్తోందనే గానీ, ఆమె చెవుల్లో మోగుతున్నది గట్టు మీద ఫోన్ చేసిన సింహాచలం గొంతే. అంత భయంలో మనిషి చెయ్యి దేనికోసం వెతుకుతుందో అదే కదా అసలు అలవాటు!

ఆమె కొత్త అట్ట తీసింది. అందులో చుక్క లేదు. పాత రిసీవరు బొమ్మ ఉంది, దాని కింద లైన్ పేరు. నొక్కితే ఆపరేటర్‌కి ఫోన్ వెళ్తుంది. ఇద్దరూ లైన్ పేరు, తమ పేరు గొంతుతో పలికితేనే ఎల్‌సీ ఇచ్చినట్టు. కరెంటు నిజంగా పోయేదాకా ఆపరేటర్ ఇచ్చే ఆ మాటని యాప్ అసలు ఒప్పుకోదు. రంగు ఒక్కటే చెప్పే పని ఏదీ లేదు. కొత్తదాన్ని చూసి నాకు అసూయ పుట్టలేదంటే అబద్ధం. కానీ అంతకన్నా భయం ఎక్కువ పుట్టింది. దీన్నీ అందరూ బాగుందంటారేమో!

నేను భయపడినట్టే జరిగింది. వకుళ మమ్మల్నిద్దర్నీ తీసుకుని ఈసారి నేరుగా సింహాచలం ఇంటికే వెళ్ళింది. ఆయన భార్య పైడమ్మ అరుగు మీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది. స్తంభం దగ్గర జరిగింది ఆమెకి వేరేవాళ్ళ నోట తెలిసింది, మొగుడు చెప్పలేదు. వకుళని చూసి లేచి చాప వేసింది గానీ నవ్వలేదు.

సింహాచలం కొత్త అట్టని అందుకుని, ఇలా చూసి అలా వెనక్కిచ్చేశాడు. “బాగుందమ్మా.”

వకుళ మొహం ఈసారి వెలగలేదు. ఆ మాటంటే ఆమెకీ భయం పట్టుకుంది.

“సూడకుండానే సెప్పేత్తన్నావేటి?” అంది పైడమ్మ. చేతులు చీరకి తుడుచుకుని, చాప మీద పడి ఉన్న నన్ను తీసుకుంది. “ఇదేనా ఆ కాయితం?”

“ఇదే పిన్నీ,” అంది వకుళ, వినిపించీ వినిపించకుండా.

పైడమ్మ నా పట్టీ పైకి లాగింది, కిందికి లాగింది. నా కిటికీలో రంగులు మారాయి. ఆమె వేళ్ళు చింతపండు జిగురుతో అంటుకుంటున్నాయి. నన్ను వకుళ కళ్ళకెదురుగా పట్టుకుని అడిగింది.

“పచ్చగుంటే మా ఆయన బతికున్నట్టా అమ్మా, పోయినట్టా?”

 సింహాచలం తల దించుకున్నాడు. కంపెనీలో ఎన్ని మీటింగులు, ఎన్ని ప్రశ్నలు! కరెంటు ఉందా లేదా అని అందరూ అడిగారు. చుక్క ఎంత పెద్దగా ఉండాలి, మూలలు గుండ్రంగా బాగున్నాయా అని అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు జవాబు ఉంటే చెప్పి ఉండేదాన్ని. నాలో ఆ జవాబు గీయలేదు.

పైడమ్మ నన్ను చాప మీద బోర్లా పెట్టేసింది. కొత్త అట్ట తీసి మొగుడి చేతిలో పెట్టింది. “అరుగు మీద కాదు, ఎండలోకి ఎల్లి సూడు. ఎక్కేది నువ్వు. ఈ పిల్ల మనసు నాను సూసుకుంటాను, నువ్వు నీ పేనం సూసుకో.”

సింహాచలం వాకిట్లోకి వెళ్ళాడు. ఎండ నడినెత్తిన ఉంది. అట్టని చేతికి అందినంత దూరంలో పట్టుకుని చూశాడు. కళ్ళు చికిలించాడు. ఒంటి చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి స్తంభాన్ని పట్టుకున్నట్టు పైకెత్తి బొటనవేలితో నొక్కబోయాడు. అందలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. వకుళ అరుగు అంచుకొచ్చి నిలబడింది. పైడమ్మ గింజలు తీయడం ఆపేసింది.

ఆయన వెనక్కి వచ్చాడు. వకుళ మొహంలోకి ఒకసారి చూశాడు, ఆ వెంటనే చూపు అట్ట మీదకి తిప్పుకున్నాడు. చెప్పడానికి ఆయనకి స్తంభం ఎక్కినంత కష్టమైంది.

“బాగునేదమ్మా,” అన్నాడు. “లైన్ పేరు ఎండలో అగుపించట్లేదు. మీట పైనున్నాది, ఒంటి సేత్తో అందట్లేదు. ఇలగైతే నాను ఎక్కను.”

వకుళ ఒక్కసారిగా చాప మీద కూచుండిపోయి పెన్ను మూత తీసింది. ఆమె కళ్ళు తుడుచుకోవడం పైడమ్మ చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. “నువ్వు సెప్పు, ఆ పిల్ల గీత్తాది,” అంది మొగుడితో. ఆయన కూచుని, మీట ఎక్కడుండాలో తన బొటనవేలు ఆనించి చూపించాడు. ఆ వేలి చుట్టూ ఆమె సున్నా గీసింది.

నేను బోర్లా పడి ఆ గీత చప్పుడు వింటున్నాను. పుట్టిన పూటే తిట్లు తింటున్న ఆ కొత్త అట్ట ఎంత అదృష్టవంతురాలో! నన్ను మళ్ళీ ఎవరూ తీయలేదు. తీయకండి. నన్ను చూసి ఇంకెవరూ ఎక్కకుండా ఉంటే నాకు అదే చాలు.